థైరాయిడ్ బిళ్ల: వినకూడని సలహాలు

"రిపోర్టు నార్మల్ వచ్చిందిగా వదినా, ఇక బిళ్ల మానెయ్." థైరాయిడ్ తక్కువున్న వాళ్లకు అందే సలహాల్లో ఎక్కువ చేటు చేసేది ఇదే. మానకండి. బిళ్ల పనిచేస్తోంది కాబట్టే రిపోర్టులో చూసే టీఎస్‌హెచ్ అదుపులో ఉంది. ఒంట్లో ఉన్న థైరాక్సిన్ (ఈ బిళ్లలోని హార్మోన్) సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది. అందుకే మానిన మొదటి రోజుల్లో ఏ తేడా తెలియదు, సలహా ఇచ్చినావిడ మాటే నిజమనిపిస్తుంది. తర్వాత మెల్లగా బయటపడుతుంది. నిద్రపోయి లేచినా తీరని నీరసం, మలబద్ధకం, దువ్వెన నిండా జుట్టు, ఇంట్లో అందరూ ఫ్యాన్ కింద కూర్చుంటే తనకొక్కదానికే చలి, నెలసరిలో ఎక్కువ రక్తస్రావం. అప్పుడు అదే మనుషులు "బద్ధకం" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అది హార్మోన్ కొరత. ప్రసవం తర్వాత వచ్చినది కొందరికి దానంతటదే తగ్గుతుంది, నిజమే. అయినా బిళ్ల ఆపాలో వద్దో తేల్చాల్సింది డాక్టరే.

"కడుపుతో ఉన్నావు, మందులెందుకు?" అనే పెద్దవాళ్ల మాట ఇంకా ప్రమాదం. తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదగడానికి కావలసిన థైరాక్సిన్ తల్లి నుంచే అందాలి. చాలామందికి అప్పుడు మోతాదు పెంచాల్సి వస్తుంది కూడా. నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టరుతో మాట్లాడండి.

కాఫీతో కలిపి మింగేయమంటారు. వద్దు. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి కాఫీ తాగండి. ఐరన్, కాల్షియం బిళ్లలకు 4 గంటల ఎడం ఉండాలి, లేకపోతే మందు సరిగా ఒంటబట్టదు. క్యాబేజీ ముట్టకూడదన్న భయం అక్కర్లేదు, ఉడికించిన కూర మామూలుగా తినొచ్చు. సైంధవ లవణం మంచిదని అయోడిన్ ఉప్పు మానేయడం మాత్రం పొరపాటు.

సన్నబడతావని ఇంకో అరబిళ్ల వేసుకోమనే వాళ్లూ ఉంటారు. మోతాదు మించితే గుండె దడ, లయ తప్పడం, ఎముకలు గుల్లబారడం. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే రక్తం ఇచ్చే ముందే డాక్టరుకు చెప్పండి, దానివల్ల రిపోర్టే తప్పుగా రావచ్చు.

మోతాదు మార్చిన 6 నుంచి 8 వారాలకు మళ్లీ పరీక్ష చేయించాలి. మీ ఇంట్లో ఎవరైనా ఎవరి మాటో విని బిళ్ల మానేసి ఉంటే, దయచేసి ఈ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.