డబల్ రొట్టె

మా బిచ్కుందలో రొట్టె అంటే జొన్నరొట్టె. బేకరీలో దొరికేదాన్ని డబల్ రొట్టె అంటాం. నా చిన్నతనంలో ఏ ఇంట్లోకైనా డబల్ రొట్టె వచ్చిందంటే ఆ ఇంట్లో ఎవరో మంచం పట్టారనే లెక్క. జ్వరమైనా, వాంతులైనా, విరేచనాలైనా ముందుగా నోటికందేది పాలలో నానబెట్టిన ఆ ముక్కే. రోగిని చూడటానికి వచ్చేవాళ్ల చేతిలోనూ అదే పాకెట్టు.

1987 వానాకాలంలో మా తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. వాడికి నాలుగేళ్లు, నాకు ఎనిమిది. ఊళ్లో మందులిచ్చే డాక్టరు సూది వేసి, "రొట్టె, పప్పు, కారం బందు పెట్టుండ్రి. పేగులు నాజూకున్నయి. డబల్ రొట్టె, బార్లీ నీళ్లు, గోధుమరవ్వ జావ పెట్టుండ్రి" అన్నాడు. ఆ రోజుల్లో ఎవరిని అడిగినా అదే చెప్పేవాళ్లు.

అమ్మ పథ్యం పట్టిందంటే దీక్ష పట్టినట్టే. మాకున్న రెండెకరాల నల్లరేగడిలో జొన్నలు, కందులు పండేవి, కాబట్టి రొట్టెకు కరువు లేదు. డబల్ రొట్టె మాత్రం కొనాల్సిందే. బాన్సువాడ నుంచి బస్సులో తెప్పించేది. రెండు రోజులకో పాకెట్టు. అందుకోసం అమ్మ మా చేను పని చూసుకుని ఇంకొకళ్ల చేనుకు కూలికి పోయేది. పాకెట్టును ఉట్టి మీద పెట్టేది, నా చెయ్యి అందకుండా. రోజూ మూడు పూటలా ముక్కలు తుంచి, పాలలో మెత్తగా చేసి, వాడు వద్దని మొహం తిప్పుకుంటున్నా బతిమాలి తినిపించేది.

సాయంత్రం పొయ్యి దగ్గరే వాడికి అసలు బాధ. అమ్మ జొన్నపిండిలో మసిలే నీళ్లు పోసి, అరచేత్తో మర్దించి, పీట మీద తట్టేది. ఆ చప్పుడు వినగానే వాడు ఎక్కడున్నా వచ్చి గడప మీద కూర్చునేవాడు. పెంక మీద రొట్టెకు తడిగుడ్డ అద్దడం, నిప్పుల మీద నిలబెడితే అది పొంగడం, అన్నీ కళ్లార్పకుండా చూసేవాడు.

"నాగ్గూడ రొట్టె పెట్టే అమ్మా."

"నీకు పడదు బిడ్డా. మంచిగైనంక పెడ్త."

రోజూ ఈ రెండు మాటలే.

ఒక రాత్రి బుట్టలో రొట్టె తగ్గింది. వాడు గుమ్మి వెనక నక్కి తింటున్నాడు. నేనే చూశాను, నేనే అమ్మకు చెప్పాను. అమ్మ వాణ్ని ఈడ్చుకొచ్చి, నోట్లో వేలు పెట్టి ముక్క బయటికి లాగింది. చేతుల మీద నాలుగు దెబ్బలు వేసింది. "సావాలని ఉందా నీకు? దొంగతనం జేసి తింటవా?" అంటూ కొట్టింది. తరవాత వాణ్ని ఒళ్లో వేసుకుని తెల్లవార్లూ తనే ఏడ్చింది.

మరుసటి వానాకాలంలో వాగు పొంగి బస్సులు నిలిచిపోయాయి. వారం పది రోజులు డబల్ రొట్టె దొరకలేదు. ఇంట్లో గోధుమరవ్వ కూడా అయిపోయింది. చేసేదిలేక అమ్మ వాడికి మజ్జిగన్నం పెట్టింది. వాడు లేచి తిరిగాడు! పొట్ట ఉబ్బు తగ్గింది. నాతో పాటు వాకిట్లో గోటీలాడాడు. పోచమ్మ చల్లగా చూసిందని అమ్మ మొక్కు తీర్చింది. దారి తెరిచిన రోజు బస్సుకు ఎదురుపోయి పాకెట్టు తెచ్చుకుంది. కోలుకుంటున్న పిల్లాడికి బలం కావాలని ఈసారి రెండు తెచ్చింది.

1989 చలికాలంలో వాడు పోయాడు. ఆరేళ్లు నిండలేదు. చివరికి ఎత్తుకుంటే కట్టెపుల్లంత బరువుండేవాడు.

పెత్రమాసనాడు మావైపు పోయిన పెద్దల పేరు చెప్పి బియ్యమిస్తారు. చిన్నపిల్లలకు ఆ లెక్క లేదు. అమ్మ ఎవరి మాటా వినలేదు. ఏటా ఆ రోజు పెరటి గోడ మీద మోదుగాకు విస్తరిలో వాడికి పాలు, డబల్ రొట్టె పెడుతూ వచ్చింది. వాడి తిండి అదే కదా అనేది. ఆ పాకెట్టు కొనుక్కొచ్చే పని నాది. పెళ్లయి హైదరాబాదుకు వచ్చాక కూడా బతుకమ్మకు పుట్టింటికి పోతూ బస్టాండులో కొనేదాన్ని.

తరవాత నా కూతురికి అదే పొట్ట వచ్చింది. ఆరేళ్ల వయసులో ఎదుగుదల ఆగింది. రక్తం తక్కువ, పొట్ట ముందుకు, కాళ్లు చేతులు సన్నం. ఒకచోట నులిపురుగులన్నారు, ఇంకోచోట గ్యాసన్నారు. రెండేళ్లు తిరిగాం. ఇంట్లో పిల్లను చూసుకుంటూ నేను చేసింది కూడా మా అమ్మ చేసిందే. టోస్టు, మెత్తని చపాతీ, రవ్వ ఉప్మా పెట్టాను. నూనె లేకుండా, కారం లేకుండా.

చివరికి ఒక డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది, ఎండోస్కోపీలో చిన్నపేగు నుంచి చిన్న ముక్క తీయించింది. సీలియాక్ అంది. గోధుమలోనూ బార్లీలోనూ గ్లూటెన్ అనే పదార్థం ఉంటుంది. ఈ జబ్బున్నవాళ్లు అది తింటే ఒంటిని కాచుకునే శక్తే వాళ్ల పేగు మీద తిరగబడుతుంది. చిన్నపేగు లోపలి గోడ మఖమల్ గుడ్డలా నూగుతో ఉంటుంది. ఆ నూగు అరిగి నున్నబడితే తిన్నది ఒంటికి పట్టదు. దీనికి ఇప్పటికి మందు తిండే. గోధుమ జన్మలో ముట్టకూడదు, చిటికెడైనా సరే. ముట్టకపోతే పేగు నెలల్లో తిరిగి బాగవుతుంది. గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాదిలో దాదాపు వందమందిలో ఒకరికి ఉంటే, దక్షిణాదిలో దాదాపు పదివేలమందిలో ఒకరికే కనబడిందని 2016లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. అందుకే ఇక్కడ తొందరగా ఎవరికీ తట్టదని కూడా అందామె.

కాగితం మీద తినకూడనివి రాసిచ్చింది. మొదటి మాట బ్రెడ్. నాలుగో మాట బార్లీ. తినదగినవాటిలో బియ్యం, జొన్న, సజ్జ, రాగి, మక్క.

తమ్ముడి సంగతి చెప్పాను. ఆమె పెన్ను ఆగింది. "ఇప్పుడు పరీక్ష చేయలేం కదమ్మా, అదేనని చెప్పలేను. కానీ ఇది రక్తసంబంధంలో వస్తుంది" అంది.

ఆ రాత్రి చదువుతుంటే డచ్చి పిల్లల వైద్యుడు విల్లెమ్ డికే కథ కనబడింది. రెండో ప్రపంచయుద్ధం చివర, 1944-45 చలికాలంలో, హాలండ్‌లో రొట్టెకు కరువొచ్చింది. ఊళ్లకు ఊళ్లు ఆకలితో మాడుతుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం తేరుకున్నారు. మిత్రదేశాల విమానాలు రొట్టె తెచ్చి జారవిడిచాక మళ్లీ పడకేశారు. ఆయన అంతకుముందు నుంచే గోధుమను అనుమానిస్తున్నాడు. 1950లో పరిశోధన గ్రంథం రాసి లోకానికి చెప్పాడు. మా వాగు పొంగింది 1988లో. ఫోను పక్కన పెట్టి బాత్రూములోకి పోయి నల్లా తిప్పి ఏడ్చాను.

అమ్మకు ఫోను చేసి గోధుమ పడదట అని మాత్రమే చెప్పాను.

"గింతేనా? గోధుమలు పడకుంటే ఏం బిడ్డా, మనింట్ల జొన్నలు లేవా?" అంది. ఆ గొంతులో ఎంత నిశ్చింతో! డబల్ రొట్టె మాట ఎత్తలేదు నేను. దాన్ని మైదాతో చేస్తారని, మైదా అంటే గోధుమేనని అమ్మకు తెలియదు. తెలియకుండానే పోనీ అనుకున్నాను.

పట్నంలో ఆ పథ్యం అంత తేలిక కాదు. బిస్కెట్టు, సేమియా, సమోసా, పుట్టినరోజు కేకు, వ్రతం ప్రసాదంలో గోధుమరవ్వ, అన్నింటికీ పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుని "నాకు పడదు" అనాలి. చాలా డబ్బాల ఇంగువలో కూడా మైదా ఉంటుందని తెలిసిన రోజు మా సాంబారు మొత్తం పారబోశాను. పెంక వేరు, గరిటె వేరు, డబ్బాలు వేరు.

బతుకమ్మ సెలవులకు ఊరికి పోయాం. చేలల్లో ఇప్పుడు జొన్న తక్కువ, ఎటు చూసినా సోయా. షుగరొచ్చినవాళ్లు చపాతీకి మారారు. గిర్నీలో గోధుమలు పట్టిన రాళ్ల మధ్యే జొన్నలూ పడతారు కాబట్టి ఆ పిండి పాపకు పనికిరాదన్నాను. అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. కొట్టంలో ఏళ్లుగా మూలన పడ్డ ఇసుర్రాయిని ఇద్దరి చేత మోయించి, మూడుసార్లు కడిగి, ఎండబెట్టి, డెబ్బై దాటిన చేతులతో తిప్పడం మొదలుపెట్టింది.

జొన్నపిండికి సాగే గుణముండదు. గ్లూటెన్ లేకపోవడమే కారణమని ఇప్పుడు తెలిసింది. అందుకే మసిలే నీళ్లు, అందుకే ఆ తట్టడం. పాప పీట పక్కనే కూర్చుని, రొట్టె పొంగగానే చప్పట్లు కొట్టేది. పుంటికూరతో రెండు రొట్టెలు తినేది. నాలుగు రోజులకే బుగ్గల్లో రంగు వచ్చింది. అమ్మ దాని నోటివైపే చూస్తూ కూర్చునేది. పొయ్యి దగ్గర ఇద్దరూ బడి ఆట ఆడుకునేవాళ్లు, పాప టీచరు, అమ్మ పిల్ల. "అమ్మమ్మకు నా లిస్టంతా నోటికొచ్చేసింది, ఒక్క తప్పు లేదు!" అని పాప గొప్పగా చెప్పింది. నేను గునుగుపూలకు రంగులద్దుతూ ఊ కొట్టాను.

పెత్రమాస పొద్దున అలవాటు ప్రకారం అంగడికి పోయి డబల్ రొట్టె పాకెట్టు తెచ్చాను. తేకపోతే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. పాకెట్టు గూట్లో పెట్టి స్నానానికి పోయాను.

తిరిగి వచ్చేసరికి పొయ్యి దగ్గర చప్పుడు ఆగిపోయి ఉంది. పాకెట్టు గూట్లోనే ఉంది, విప్పలేదు. అమ్మ పెరట్లో గోడ దగ్గర నిలబడి ఉంది. మోదుగాకు విస్తరిలో పాలు లేవు. పొయ్యి మీద నుంచి అప్పుడే తీసిన జొన్నరొట్టె, పొగలు కక్కుతూ.

అమ్మ దాన్ని చిన్న చిన్న ముక్కలుగా తుంచుతోంది. వేళ్లు కాలుతున్నా ఆగడం లేదు.

"తిను బిడ్డా" అంది. "ఇయ్యాల ఎవ్వలు కొట్టరు."