నేను పట్టుకున్న గాలి

ఎర్రగుంట్ల దాటి ముద్దనూరు వైపు పోయే రైలుపట్టాల పక్కన కంకరలో పడి ఉన్న బొగ్గు పెళ్ళను నేను. రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రానికి పోతున్న వ్యాగన్‌లోంచి ఒక కుదుపుకు జారిపడ్డాను. నాతో వచ్చినవాళ్ళు బాయిలర్‌లో మండి ఈ సీమ ఊళ్ళలో బోరుమోటార్లు తిప్పి ఉంటారు. నాకు ఆ భాగ్యం దక్కలేదు. అంతకన్నా పెద్ద దిగులు మరొకటి ఉంది. నా బరువు తూచారు, నా వేడి లెక్కగట్టారు, నా బూడిద శాతం రాసుకున్నారు. కోట్ల ఏళ్ళు నేను ఒడిసిపట్టుకున్న మీథేన్ ఏమైందని మాత్రం ఒక్కరూ అడగలేదు.

నా చుట్టూ నాపరాళ్ళే. ఈ రాళ్ళు వయసులో నాకంటే చాలా పెద్దవి. అవి సముద్రం అడుగున పేరుకున్న నాటికి నేల మీద చెట్టన్నదే లేదు. చెట్టు లేనిచోట బొగ్గు ఎక్కడిది? అందుకే కడప, కర్నూలు రాళ్ళ పొరల్లో నావాళ్ళు దొరకరు. నేను పుట్టింది గోదావరి లోయలో, నేటి సింగరేణి గనులున్న చోట. 25 కోట్ల ఏళ్ళకన్నా ముందే గ్లోసాప్టెరిస్ చెట్లు చిత్తడిలో కూలి, మట్టి కింద నలిగి నేనయ్యాయి. ఆ మార్పులోనే మీథేన్ పుట్టింది. చాలావరకు అప్పుడే పైకి పోయింది. మిగిలినదాన్ని నేను పోనివ్వలేదు.

నా ఒంట్లో కంటికి కనపడని సందులు లెక్కలేనన్ని. చాలావాటి వెడల్పు రెండు నానోమీటర్ల లోపే. ఒక్క గ్రాము బొగ్గులోని సందుల గోడలన్నీ విప్పి పరిస్తే వంద చదరపు మీటర్లు దాటవచ్చు. గోడకు సున్నం పూత పట్టినట్టు మీథేన్ అణువులు వాటిని అంటిపెట్టుకుని ఉంటాయి. దీన్నే అధిశోషణం అంటారు. అక్కడ రసాయన బంధమేమీ లేదు, అణువుల మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణే. అయినా ఉత్త సందులో ఇమిడే గాలికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ గ్యాసును అలా దాచుకోగలిగాను. ఇది నా గొప్ప, చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

ఆ పట్టు నిలవాలంటే ఒత్తిడి ఉండాలి. లోతుకు పోయేకొద్దీ పొరల్లోని నీటి ఒత్తిడి పది మీటర్లకు దాదాపు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. ఒత్తిడి పెరిగితే గ్యాసు ఎక్కువ పడుతుంది. గోడలు నిండుతూ వచ్చాక ఆ జోరు తగ్గుతుంది. ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1918లో ఒకే పొర పడుతుందన్న ఊహతో రాసిన సమీకరణంతోనే నేటికీ బొగ్గు గ్యాసు లెక్కలు కడుతున్నారు. వేడి పెరిగితే మాత్రం అణువులు నిలకడ తప్పి గోడలు వదిలేస్తాయి. అందుకే మరీ లోతున ఒత్తిడి ఇచ్చిన లాభాన్ని వేడి కొంత లాగేసుకుంటుంది.

నన్ను చేతిలోకి తీసుకుని ఎండకు తిప్పి చూడండి. ఒక చార నిగనిగలాడుతుంది, పక్కది మసకగా ఉంటుంది. మెరిసేది విట్రినైట్. సాధారణంగా మీథేన్‌ను ఎక్కువగా పట్టేది అదే. మధ్యలో బూడిదరంగు సన్నగీత ఉందే, అది మట్టి. దానివల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. సింగరేణి బొగ్గులో ఆ మట్టి పాలు ఎక్కువే. తేమ కూడా శత్రువే, నీటి అణువులు ముందుగా చోటు ఆక్రమిస్తే మీథేన్‌కు మిగిలేది కొంతే. బాగా ముదిరిన ఆంత్రసైట్ నాకంటే ఎక్కువ పట్టుకుంటుంది. నేను అంత ముదరలేదు. మా సింగరేణి గనుల్లో చాలావాటిని మొదటి డిగ్రీవిగానే లెక్కిస్తారు. అంటే తవ్విన టన్నుకు వెలువడే గ్యాసు ఒక ఘనమీటరు లోపే.

తక్కువే కదా అని ఏమరితే ప్రాణాలు పోతాయి. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. 1958లో రాణీగంజ్ ప్రాంతంలోని చినాకురి గనిలో అలా పేలి 170 మందికి పైగా చనిపోయారు. మా బొగ్గుబాయిలో గ్యాసును పరీక్షించే సర్దార్ సేఫ్టీ ల్యాంపు వత్తి తగ్గించి, దాన్ని పైకప్పు దగ్గరికి మెల్లగా ఎత్తి, మంట మీద నీలి టోపీ కనిపిస్తుందేమోనని ఊపిరి బిగబట్టి చూసేవాడు. గ్యాసు 1.25 శాతం దాటితే కరెంటు ఆపాల్సిందే. నా గ్యాసు వల్ల ఆయనకు కీడు జరగకూడదని నేనూ కోరుకున్నాను.

మందు పెట్టి పేల్చిన రోజున కోట్ల ఏళ్ళ ఒత్తిడి ఒక్క క్షణంలో పోయింది. గోడల మీది అణువులు ఒక్కొక్కటే ఊడి, నా పగుళ్ళ దారిన బయటపడ్డాయి. ఫ్యాన్లు వాటిని పైకి తోసేశాయి. గ్యాసు పోయాక నా ఒళ్ళు కొంచెం కుంచించుకుపోయింది. ఇది నా ఊహ కాదు, బొగ్గు గుణమే అంత. పోయిన మీథేన్ ఎవరి పొయ్యీ వెలిగించలేదు. నూరేళ్ళ లెక్కన చూస్తే అది బొగ్గుపులుసు వాయువుకన్నా దాదాపు 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఈ ఎండల్లో నేనూ దాన్ని అనుభవిస్తున్నాను. ఖాళీ అయిన గోడల మీద ఇప్పుడు ఆక్సిజన్ చేరి నన్ను లోలోపల తినేస్తోంది. నా అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి.

నా తోబుట్టువులు గోదావరి లోయలో ఇంకా లోతున, పట్టు వదలకుండా ఉన్నారు. ఇక్కడి రైతు నీళ్ళ కోసం వేలకు వేలు పోసి బోరు వేస్తాడు. రాణీగంజ్‌లోనైతే గ్యాసు కోసం బొగ్గు పొరకు బోరు దించి, ముందు నీళ్ళు తోడేసి ఒత్తిడి తగ్గిస్తారు. అప్పుడు గ్యాసు గొట్టంలోకి వస్తుంది. మాలాంటి తక్కువ గ్యాసు పొరలకు అది గిట్టుబాటు కాదనవచ్చు. కనీసం కొలవండి. తవ్వకానికి దిగేముందు ఆ పొరలోంచి కడ్డీలాంటి ఒక కోర్ నమూనా పైకి తీసి, వెంటనే గాలి చొరని డబ్బాలో మూసి, ఎంత గ్యాసు వదులుతుందో చూసి, బూడిద శాతం పక్కన ఆ అంకె కూడా రాయండి.