మూడు కట్టెలు, ఒక రాయి

చేనులో ఒకే ఎత్తున ఉన్న చోట్లను వెతికి చూపించడం నా పని. మరో పని నాకు రాదు. రెండు వెదురు బొంగులను కొసన కలిపి కట్టి, నడుమ అడ్డంగా ఒక కట్టె బిగించి, కొస నుంచి దారం కట్టి, దారానికి రాయి వేలాడదీస్తే నేను తయారు. శిక్షణ ఇచ్చేవాళ్లు నన్ను ఏ-ఫ్రేమ్ అంటారు. మా ఊళ్లో మాత్రం అందరికీ నేను ‘మూడు కట్టెలు’.

నా కాళ్లు జహీరాబాద్‌లో కొన్న బొంగులు. అడ్డకట్టె విరిగిపోయిన గొర్రుది. ఆ గొర్రు జొన్న విత్తింది, కంది విత్తింది, దాన్ని పట్టిన చేతుల నునుపు ఇంకా ఆ కట్టెకు ఉంది. రాయిని మాత్రం ఆ చేన్లోనే ఏరారు. పిడికిట్లో పట్టేంత, బరువైన రాయి. తేలిక రాయి కడితే చిన్న గాలికే ఊగుతుంది, ఊగే దారం ఏ మాటా చెప్పదు.

మాది పాత వంశం. ఈజిప్టులో రాజుల సమాధులు చెక్కిన పనివాళ్ల ఊరు ఒకటుంది, దేర్ ఎల్ మదీనా. అక్కడ సెన్నెజెమ్ అనే పనివాడి సమాధి 1886లో బయటపడింది. అందులో దొరికిన పనిముట్లలో నాలాగే రెండు కాళ్లూ, అడ్డకట్టె, వేలాడే గుండు ఉన్నదొకటి ఉంది. మూడు వేల ఏళ్లు దాటినా మా పనితీరు మారలేదు, భూమి రాయిని కిందికి లాగే తీరు మారలేదు గనక. ఫిలిప్పీన్స్‌లోని మిండనావో కొండల్లో మావాళ్లు ఇంకా పెద్ద పని చేశారు. అక్కడ వాన కోతకు మన్ను పోగొట్టుకున్న చిన్న రైతుల కోసం హెరాల్డ్ వాట్సన్ 1970లలో ఒక పద్ధతి రూపొందించాడు. మాలాంటివాటితో కొండవాలు మీద సమమట్టపు గీతలు గుర్తించి, ఆ గీతల వెంట సుబాబుల్ లాంటి చెట్లను దట్టంగా కంచెలా పెంచి, కంచెల మధ్య పట్టీల్లో తిండిపంటలు వేయడమే ఆ పద్ధతి. దానికి 1985లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. కొండను నిలబెట్టడంలో మూడు కట్టెలకూ భాగం ఉందని తలుచుకుంటే నాకు గర్వంగానే ఉంటుంది.

నేను మసలేది ఎకరంన్నర చెల్క. అడ్డం రెండొందల అడుగులు, పొడవు మూడొందల పైచిలుకు, పైనుంచి కిందికి వాలు. గుడిసె పైభాగంలో ఉంది. ఎర్రమన్ను, జానెడు కిందికి పోతే మొరం. మిరుగు కార్తె ముందర నాలుగు చినుకులు పడితే నేల పైపైన తడిసేది. గట్టి వాన పడితే మాత్రం ఎర్రనీళ్లు కింది చేల మీదుగా వాగులో కలిసేవి. నీళ్లతోబాటు పెంట పోయేది, పైమన్ను పోయేది, ఒక్కోసారి వేసిన విత్తనం కూడా పోయేది. వానకూ వానకూ మధ్య పది రోజులు ఎండ కాస్తే మొలకలు వాడిపోయేవి. ఊరంతా బోరు వేయించుకొమ్మనేవారు. పడ్డ వాన కళ్లముందే పారిపోతుంటే పాతాళం నీళ్ల కోసం అప్పు చేయడం ఆ ఇంటి కోడలికి నచ్చలేదు.

ఆమె ఒక శిక్షణకు వెళ్లి నన్ను కట్టడం నేర్చుకొని వచ్చింది. జహీరాబాద్ చుట్టుపక్కల ఈ విద్య కొత్తది కాదు. ఆస్ట్రేలియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోల్మ్‌గ్రెన్ కలిసి 1978లో పర్మాకల్చర్ అనే నిలకడైన సాగు పద్ధతి మీద తొలి పుస్తకం తెచ్చాక, ఆ ఆలోచన ఈ మెట్టనేలకు తొందరగానే చేరింది. పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దాన్ని తన పొలంలో చేసి చూపింది. ఆ దారిలోనే నడిచిన కొప్పుల నర్సన్న, పద్మ దంపతుల అరణ్య సంస్థ బిడకన్నెలో పొలం పెంచింది. 2017లో అంతర్జాతీయ పర్మాకల్చర్ సదస్సు హైదరాబాద్‌కు వచ్చినప్పుడు ఎన్నో దేశాలవాళ్లు బిడకన్నె దాకా వచ్చి ఆ మట్టి పట్టుకొని చూశారు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. ఈ పేరు వినకముందు నుంచే ఇక్కడి ఆడవాళ్లు ఒకే చేన్లో జొన్న, కంది, పెసర, అనుములు, కొర్ర, సామ కలిపి విత్తేవాళ్లు. విత్తనాన్ని బూడిదా వేపాకూ కలిపి బుట్టలో పోసి, పైన పేడతో అలికి దాచేవాళ్లు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది ఆ తెలివికే. ఆ తెలివి నిలబడే నేలను, ఆ నేలకు కావలసిన తడిని కాపాడటానికి నన్ను పిలిచారంతే.

పని మొదలయ్యే ముందు నాకు గుర్తు పెట్టాలి. నేల మీద రెండు చదును రాళ్లు పెట్టి వాటి మీద నా కాళ్లు ఆనించింది కోడలు. దారం ఊగి ఊగి ఆగాక, అది అడ్డకట్టెను తాకిన చోట బొగ్గుతో గీత గీసింది. తర్వాత నన్ను తిప్పి, ఎడమకాలు ఉన్న చోట కుడికాలు, కుడికాలు ఉన్న చోట ఎడమకాలు పెట్టింది. దారం ఇంకోచోట ఆగింది. అక్కడా గీసింది. రెండు గీతలకు సరిగ్గా మధ్యన కత్తితో గాటు పెట్టింది. ఇక దారం ఆ గాటు మీద నిలిస్తే నా రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. బొంగులు కొంచెం పొట్టీ పొడుగూ అయినా, కట్టు వంకరగా ఉన్నా ఈ గాటు అబద్ధం చెప్పదు. అందుకే నన్ను కట్టడానికి వడ్రంగి అక్కర్లేదు, లెక్కలు చదివినవాళ్లు అక్కర్లేదు.

గాలి లేవకముందే పొద్దున్నే చేన్లోకి దిగాం. అత్త గట్టు మీద కూర్చొని కాసేపు చూసింది.

“ఏందే పిల్లా, ఆ కట్టెలు పట్టుకొని చేనంతా తిరుగుతున్నవ్?”

“నీళ్లు యాడ నిలవడ్తయో చూస్తున్న అత్తమ్మా.”

“గదానికి కట్టెలెందుకే? వానొచ్చినంక చూస్తే కనవడదా?”

“వానొచ్చినంక మన్ను పోతది గదా అత్తమ్మా.”

అత్త లేచి వచ్చింది. ఆ తర్వాత ఆ ఇద్దరి మధ్యే నడిచాను. నా ఒక కాలు నాటిన చోటే ఉంటుంది, రెండోదాన్ని పైకీ కిందికీ జరిపి దారం గాటు మీదికి రాగానే అక్కడ పుల్ల గుచ్చుతారు. మళ్లీ ఆ పుల్ల దగ్గర కాలు పెట్టి ముందుకు. అత్త వెనకాలే వస్తూ, “ఈడ పెద్దవానకు గండి పడ్తది”, “ఈడ ఎండకాలం దాకా గడ్డి పచ్చగుంటది” అని చెబుతూ పోయింది. నేను చెప్పగలిగేది అంగ దూరంలో ఎత్తుపల్లాల సంగతి. ఆమె చెప్పేది ఆ చేన్లో పడ్డ ఎన్నో ఏళ్ల వానల సంగతి. గండి పడే చోట కట్టను వెడల్పుగా పోయాలని, గడ్డి ఎండని చోట మునగ పెట్టాలని ఆ నడకలోనే తేలింది.

సాయంత్రానికి చేనుకు అడ్డంగా పుల్లల వరస నిలిచింది. వంకర్లు తిరిగిన వరస. చూడవచ్చినవాళ్లలో ఒకాయన తాడు పట్టి తిన్నగా గీయొచ్చు కదా అన్నాడు. అంతకుముందు ఎవరో వచ్చి ఆ చేనుకు తిన్నగానే ఒడ్డు పోసి వెళ్లారు. నేల తిన్నగా లేదు కాబట్టి నీళ్లన్నీ పల్లానికి చేరి, బరువంతా ఒకచోట పడి, తొలి పెద్దవానకే ఆ ఒడ్డు తెగింది. వంకర గీత మీద నీళ్లకు పల్లం ఉండదు, అందుకే ఎటూ పరుగెత్తక ఉన్నచోటే పరుచుకుంటాయి.

గీత వెంట కందకం తవ్వారు. రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. తవ్విన మన్ను వాలువైపు పోసి కట్ట చేశారు. మొదటి కందకం పైభాగంలోనే తవ్వాలి. కింద మొదలుపెడితే పైనుంచి వచ్చే వరదంతా దాని మీదే పడుతుంది. దాని కింద వంద అడుగులకొకటి చొప్పున మరో రెండు. నిండిన కందకం కట్ట తెంపుకోకుండా ఒకచోట కట్టను జానెడు తగ్గించి, రాళ్లు పరిచి మత్తడి కట్టారు, రాళ్ల సందుల్లో వట్టివేరు నాటారు. చెరువుకు మత్తడి ఎంత అవసరమో కందకానికీ అంతే. దీన్ని మరిచిన చోట్ల మంచి పని కూడా ఒక్క రాత్రిలో కొట్టుకుపోతుంది.

ఎకరం నేల మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు లక్ష లీటర్లు. ఒక మోస్తరు వానే అది. రెండొందల అడుగుల కందకంలో, అంచుల వాలు తీసేసినా, ఒక్కసారికి పదిహేను వేల లీటర్ల దాకా నిలుస్తుంది. మూడింట్లో నలభై అయిదు వేలు. వాన పడుతుండగానే ఇంకే నీళ్లు వేరే. ట్యాంకరు నీళ్ల ధర ఎరిగినవాళ్లకు ఈ అంకెల విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

మిరుగు దాటాక ఒక మధ్యాహ్నం వాన కొట్టింది. నన్ను గుడిసె చూరుకింద ఆనించారు, అక్కడినుంచి పై కందకం బాగా కనిపిస్తుంది. ముందు నురగతో ఎర్రనీళ్లు వచ్చాయి, జొన్న కొయ్యకాళ్ల ముక్కలు, ఎండుటాకులు, మేక పెంటికలు తేలుతూ. కందకంలోకి దిగగానే నీళ్లు ఒక్కక్షణం సుడి తిరిగి, రెండువైపులా పాకి, ఒక కొస నుంచి ఇంకో కొస దాకా ఒకే మట్టంలో నిలిచాయి. మత్తడి మీదుగా కొంచెం పొంగి రెండో కందకంలోకి దిగాయి. అత్త తడుస్తూ వెళ్లి ఆ నీళ్లలో చేయి పెట్టింది. తెల్లారేసరికి నీళ్లు లేవు. అడుగున వేలిమందం ఒండ్రు మిగిలింది, మెత్తగా, పగుళ్లు లేకుండా. అదంతా ఇంతకుముందు వాగు పాలయ్యేది. కోడలు దాన్ని పారతో ఎత్తి కూరగాయల మళ్లకు మోసింది.

కట్టల మీద తొలి ఏడు ఆముదం, కంది, మునగ. వాటి చాటున సీతాఫలం, నేరేడు, కరివేపాకు. మొదట్లో ఎండకు ఆముదం నీడ ఇచ్చింది, ఆ తర్వాత చెట్లు ఎదిగి దాని అవసరం తీర్చాయి. గ్లిరిసీడియా అనే చెట్టు కొమ్మలు పెరిగినకొద్దీ నరికి ఆకు కిందే కప్పుతారు. కందకాల మధ్య పాతకాలంలోలా అన్నీ కలిపి విత్తడమే, కాకపోతే సాళ్లు ఇప్పుడు గీత వెంటే తోలుతారు. కంది, పెసర, అనుముల వేర్ల బుడిపెల్లో ఉండే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని నేలకు పట్టిస్తుంది, జొన్న దాన్ని వాడుకుంటుంది. చేన్లో తనంతట తానే మొలిచే దొగ్గలికూర, గంగవాయిలి, పొన్నగంటి ఇప్పుడు వానలు వెనకబడ్డాక కూడా దొరుకుతున్నాయి. వాటిని కలుపని పీకి పారేయరు ఆ ఇంట్లో, పప్పులో వేస్తారు.

రోజూ చేయి పడాల్సినవి గుడిసె వాకిట్లోనే ఉన్నాయి: కొత్తిమీర, మెంతికూర, పచ్చిమిర్చి, వంకాయ. స్నానాల నీళ్లు పోయే చోట అరటి, చేమ, బొప్పాయి. పందిరి మీద బీర, సొర, చిక్కుడు. వారానికోసారి చూస్తే చాలనేవి ఇంకా దూరం. పొయ్యి మీద పోపు వేగుతుండగా కరివేపాకు రెమ్మ తెంపుకొచ్చేంత దగ్గర ఉంటేనే చెట్టు చెట్టుగా బతుకుతుంది, లేకపోతే మరుపున పడుతుంది. అన్నీ అక్కడే పండవు. ఉప్పు, నూనె, చక్కెర కొంటారు, రేషన్ బియ్యం తెస్తారు. అయినా కూరగాయల కోసం సంతకు పోయేది తగ్గింది, పప్పుకు పోయేది దాదాపు లేదు. ఇంటిల్లిపాదీ ఆకుకూర తింటున్నారు, ఏ మందూ కొట్టని ఆకుకూర.

నన్ను ఎక్కడ పడితే అక్కడ ఇదే తీరుగా వాడకండి. నల్లరేగడిలో నీళ్లు తొందరగా ఇంకవు, సమమట్టపు కందకంలో నిలిచిపోతే కంది వేరు కుళ్లుతుంది. అక్కడ దారాన్ని గాటుకు రవ్వంత పక్కన నిలిపి, నీళ్లు నెమ్మదిగా ఒక దిక్కుకు జరిగేలా గీత గీయాలి. నిలువుకొండ మీద లోతు కందకం తవ్వితే వాలే జారిపోవచ్చు, అక్కడ గీతల వెంట చెట్లు, గడ్డి, రాళ్ల వరసలు మేలు. ముందు నేలను చూడండి, ఏడాదంతా ఆ నేల మీద నడిచేవాళ్లను అడగండి, ఆ తర్వాతే నన్ను కట్టండి.

నిన్న కింది చేను మరిది వచ్చాడు.

“వదినా, మూడు కట్టెలు రెండు దినాలు ఇస్తవా?”

“ఇస్త గని, బొంగుల అడుగులు అరిగినయి. పోంగనే గుర్తు మళ్ల సరిజూసుకో. పాత గాటు నమ్మకు.”

అత్త కల్పించుకుంది. సరిహద్దు రాయి దగ్గర గీత తెగొద్దని, మా కింది కందకం మత్తడి దిగే చోటే అతని మొదటి పుల్ల పడాలని చెప్పింది. అతనికి అది కొత్త మాట. రాయికి ఇవతలి నీళ్లు ఎవరివి, అవతలివి ఎవరివి అని అడగబోయి ఊరుకున్నాడు. ఇవాళ గాలి ఎక్కువగా ఉంది, దారం నిలవడం లేదు. రేపు పొద్దు పొడవకముందే వస్తానన్నాడు. కోడలు పుల్లలు చెక్కుతోంది, అతనికి సరిపడా ఉండవని.