డిపార్చర్ మామ

శంషాబాద్ మార్కెట్‌లో కొత్తిమీర కట్ట పది రూపాయలు. "ఇరవైకి మూడియ్యి" అంటాడు మామ. అమ్మే ఆమె ఇవ్వనంటుంది. మామ అక్కడి నుంచి కదులుతాడు. వెనక్కి పిలుస్తుందేమోనని అడుగులు చిన్నవి చేస్తాడు. పిలవకపోతే తనే తిరిగొస్తాడు. ఈసారి కట్ట విప్పి, వేళ్లు దులిపి, మట్టి ఎంతుందో చూపిస్తాడు. మట్టి తీసేస్తే ఇది ఏడు రూపాయల కట్టేనని పక్కన బేరమాడుతున్నవాళ్లను కూడా ఒప్పిస్తాడు. చివరికి ఇరవైకి మూడు కట్టలు, పైన కొసరుగా రెండు పచ్చిమిరపకాయలు సంచిలో పడ్డాకే ఇల్లు చేరతాడు.

అదే మామ, అదే రోజు సాయంత్రం, కొడుకు ఇంజినీరింగు సీటు కోసం ఒక కాలేజీ ఆఫీసు గదిలో కూర్చున్నాడు. అవతలివాడు ఒక అంకె చెప్పాడు. "సరే సార్" అన్నాడు మామ. రసీదు రాని భాగం ఇంకొకటుందని చెప్పారు. దానికీ "సరే సార్". నేను పక్కనే ఉన్నాను. మామ మట్టి ఎంతుందో చూడనేలేదు.

ఆయన ఎవరికి మేనమామో నాకు తెలియదు, మా వీధి మొత్తానికి మామే. డిపార్చర్ అనే బిరుదు మాత్రం కష్టపడి సంపాదించుకున్నది. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి మా ఊరికి తరలి వచ్చినప్పటి నుంచి, ఈ చుట్టుపక్కల ఏ పిల్లవాడు చదువుకని విమానమెక్కినా మామ వెళ్లి సాగనంపాల్సిందే. షాద్‌నగర్ నుంచి, కొత్తూరు నుంచి కూడా పిలుపులొస్తాయి. కారు ఎక్కడ ఆపితే పోలీసు కేకలెయ్యడో, పాస్‌పోర్టు ఏ జేబులో పెట్టుకోవాలో, తల్లి ఏ నిమిషంలో ఏడుస్తుందో అన్నీ తెలుసు. తాను మాత్రం ఇంతవరకు విమానం ఎక్కలేదు. అరైవల్స్ వైపు తొంగికూడా చూడడు. "వాపస్ వచ్చెటోళ్లను సూడనీకి ఏముంటది సారూ?" అంటాడు.

మామకు ఒక సిద్ధాంతం ఉంది. కాలేజీ ఎలాంటిదో తెలుసుకోవాలంటే లోపలికి వెళ్లనక్కర్లేదు, ఫీజు అడిగితే చాలు. ఎక్కువైతే మంచిది, తక్కువైతే కాదు. దీనికి ఆయన పాతబస్తీ నుంచి తెచ్చుకున్న ప్రమాణం ఒకటుంది: సస్తా రోయే బార్ బార్, మెహంగా రోయే ఏక్ బార్. చౌక కొన్నవాడు మళ్లీ మళ్లీ ఏడుస్తాడట, ఖరీదైనది కొన్నవాడు ఒక్కసారే ఏడుస్తాడట. స్కూటరు విషయంలో నిజమే కావచ్చు.

మా సందు చివర టైలరు కొడుక్కి ఆ మధ్య ఎప్‌సెట్‌లో కన్వీనర్ కోటా సీటొచ్చింది. కంప్యూటర్ సైన్సు. కాలేజీ ఫీజు ఏడాదికి 45 వేలు. పదివేల లోపు ర్యాంకు రాని బీసీ పిల్లలకు సర్కారు రీయింబర్స్‌మెంటు కింద ఇచ్చేది 35 వేలు కాబట్టి, టైలరు చేతి నుంచి పడేది పది వేలు. ఇల్లంతా పండగ. మామ వెళ్లాడు. చెప్పులు విడిచి, కుర్చీలో కూర్చుని, కాసేపు నేల చూసి, "గట్లనా... కన్వీనర్లనా" అన్నాడు. మళ్లీ కాసేపాగి, "రంది వెట్టుకోకుర్రి. పిలగాడు తెలివైనోడే గద, ఎట్లనో బతుకుతడు" అన్నాడు. లోపలి నుంచి మిఠాయి డబ్బా తెస్తున్న టైలరు భార్య గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

మామ దృష్టిలో కన్వీనర్ కోటా అనేది డెబ్బై శాతం సీట్లకు పట్టిన ఖర్మ. మేనేజ్‌మెంట్ కోటా ముప్పై శాతమే ఉంటుంది, కనుక అదే గొప్ప. 2022లో ప్రభుత్వం ఇంజినీరింగు ఫీజులు ఖరారు చేస్తే, కింది మెట్టు 45 వేల దగ్గర, పై మెట్టు 1 లక్షా 60 వేల దగ్గర ఉన్నాయి. ఆ జాబితాను మామ పేపర్లోంచి కత్తిరించి దాచుకున్నాడు. అది ఫీజుల జాబితా అని మనం అనుకుంటాం, మామకు అది ర్యాంకుల జాబితా.

ఓసారి ఉండబట్టలేక ఐఐటీ సంగతి ఎత్తాను. 2016లో అక్కడ ట్యూషన్ ఫీజు ఏడాదికి 90 వేల నుంచి 2 లక్షలకు పెంచినప్పుడు, ఇంటి ఆదాయం లక్ష లోపుంటే మొత్తం మాఫీ అనీ, 5 లక్షల లోపుంటే మూడో వంతు కడితే చాలనీ పెట్టారు కదా, మరి దానికేమంటావన్నాను. మామ చాలాసేపు ఆలోచించాడు. "గన్ని తగ్గిస్తుండ్రంటే లోపల ఏదో లోటున్నట్టే" అన్నాడు. జర్మనీలో చాలా సర్కారు విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజే ఉండదని చెప్పాను. జర్మనీ మీద మామకు ఉన్న గౌరవం కాస్తా ఆ రోజుతో పోయింది. సరే, ఫీజులు దండిగా ఉన్న అమెరికా మాటే చూడు, అక్కడి వాళ్ల చదువుల అప్పంతా కలిపితే 1.7 లక్షల కోట్ల డాలర్లు దాటిందట అన్నాను. మామ ముఖం వెలిగిపోయింది. "సూసినవా సారూ! అమెరికోళ్లంతటోళ్లే అప్పు జేసి సదువుతుండ్రు. మనమెంత?"

ఆస్తి లేనివాడేం కాదు మామ. విమానాశ్రయానికి తీసుకున్న సుమారు 5,500 ఎకరాల్లో ఒక ఎకరం ఇరవై గుంటలు ఆయనవి. జొన్న పండేది. నష్టపరిహారంగా వచ్చింది ఎంతో ఇప్పుడు చెబితే ఆయనే నవ్వుతాడు, ఆ నవ్వులో పళ్లు కనిపించవు. డాబా మీద నిలబడి, దిగుతున్న ప్రతి విమానాన్నీ వేలితో చూపించి, "గదో, మా చేన్లనే దిగుతుంది" అంటాడు. మరి లేస్తున్న విమానమో? అదీ ఆయన చేనులోంచే.

మిగిలిన పొలం హైవేకు పడమటి వైపు, హిమాయత్‌సాగర్ దిక్కున ఉంది. అక్కడే వచ్చింది చిక్కంతా. జంట జలాశయాల చుట్టూ 84 ఊళ్లలో కట్టడాలు అడ్డుకుంటూ 1996 మార్చిలో వచ్చిన 111 జీవో పేరు మా దగ్గర చంటిపిల్లలకూ తెలుసు. ఆంక్షలు తీసేస్తున్నామని 2022లో ఇంకో జీవో వచ్చింది. మామ ఆ రోజు డీజే పెట్టించాడు. డీజే వాడి డబ్బులు ఇచ్చేలోపే, ఆ జీవోతో ఇప్పట్లో ఒరిగేదేం లేదని తెలిసింది.

కొడుక్కి బీటెక్ అయ్యింది. ఎమ్మెస్‌కు రెండు అడ్మిట్లు వచ్చాయి. రెండేళ్లకు ఖర్చులన్నీ కలిపి ఒకచోట 28 లక్షలు, ఇంకోచోట 45. పిల్లవాడు మెతకవాడు, అయినా నోరు తెరిచాడు. "నాయినా, సబ్జెక్టులు రెండింట్ల అవే. మా సీనియర్లు ఇద్దరు 28 లక్షల దాంట్లనే ఉన్నరు."

"సబ్జెక్టులు ఎవ్వనిక్కావాలెరా? పేరు గావాలె, పేరు."

ఆ పేరు మామకు నోరు తిరగదు. ఇప్పటికీ తిరగదు. ఫంక్షన్ హాల్లో ఎవరైనా "మీవాడు ఏ యూనివర్సిటీ?" అని అడిగితే, "గదే... న్యూయార్క్ దిక్కు" అంటాడు. పదిహేడు లక్షలు ఎక్కువ పెట్టి కొన్న పేరు అది.

బ్యాంకుకు నన్ను వెంట తీసుకెళ్లాడు. మేనేజరుకు మంచి ఓపిక. ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగం, ఆపైన కావాలంటే ఏదైనా పెట్టాలి అని చెప్పాడు. మామ పాస్‌బుక్కు తీసి బల్ల మీద పరిచాడు. మార్కెట్లో కోట్లు పలికే భూమి. మేనేజరు సర్వే నంబర్లు చూసి, మళ్లీ మడతపెట్టి, జాగ్రత్తగా వెనక్కి జరిపాడు. "వ్యవసాయ భూమి మేం తీసుకోమండీ. పైగా ఇది ట్రిపుల్ వన్‌లో ఉంది. ఇల్లేమైనా ఉందా?"

ఉంది. నలభై ఏళ్ల కిందట తండ్రి కట్టించిన ఇల్లు. దాని కాగితాల మీద 40 లక్షలు మంజూరయ్యాయి, మిగతా ఐదూ అత్తగారి దిక్కు నుంచి. మేనేజరు షరతులు చదివి వినిపిస్తుంటే, చదువయ్యాక ఇంకో ఏడాది దాకా కిస్తీలు కట్టనక్కర్లేదు అన్న ముక్కలో "కట్టనక్కర్లేదు" ఒక్కటే మామ చెవిలో పడింది. వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే లెక్కవుతుంది అన్నప్పుడు ఆయన గోడ మీది క్యాలెండర్‌లో అమావాస్య చూస్తున్నాడు. 11 శాతం వడ్డీకి, పదేళ్లకు, నెల కిస్తీ 55 వేల పైచిలుకు అవుతుందని నేను కాగితం మీద వేసి చూపించాను. మామ లెక్కలో మెహంగావాడు ఒక్కసారే ఏడవాలి. బ్యాంకు లెక్కలో 120 సార్లు.

అప్పుడు మేనేజరు ఇంకో మాటన్నాడు. చదువు సాగుతుండగానే వడ్డీ నెలనెలా కట్టుకుంటూ పోతే రేటులో కొంచెం తగ్గిస్తామని.

"తగ్గిస్తరా?" మామ కుర్చీలో ముందుకు జరిగాడు. కొత్తిమీర ముందు నిలబడ్డ మనిషి మళ్లీ కనబడ్డాడు. "ఎంత తగ్గిస్తరు? ఇంకింత తగ్గించుర్రి సార్, మీకు పాత కస్టమర్‌ను." పదిహేను నిమిషాలు బేరమాడాడు. బ్యాంకు వడ్డీ బేరానికి రాదు గనక మొదట చెప్పిన దగ్గరే ఆగింది. అయినా గెలిచినవాడిలా బయటికొచ్చాడు. ఆ నెలనెలా వడ్డీ ఎక్కడి నుంచి తెస్తావన్నాను. "సూద్దాం తియ్" అన్నాడు.

వీసాకు ముందు చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు అయ్యాయి. వీసా వచ్చింది. మొక్కు ప్రకారం నూట ఎనిమిది తిరగాలి. పిల్లవాడికి షాపింగు, మామకు మోకాళ్ల నొప్పి. పెద్దమ్మాయి సెలవు పెట్టి తిరిగొచ్చింది.

పెద్దమ్మాయి గురించి చెప్పలేదు కదూ. మామా చెప్పడు. పదో తరగతి కాగానే సర్కారు పాలిటెక్నిక్‌లో డిప్లొమా, ఈసెట్ రాసి ఉస్మానియాలో నేరుగా రెండో ఏడాది బీటెక్. ఆమె చదువు మీద మామ పెట్టిన ఖర్చులో పెద్దది బస్సు పాసు. "అప్పుడు నా చేతుల పైసల్లేవు సారూ" అంటాడు. తమ్ముడి మేనేజ్‌మెంట్ సీటు నాటికి ఎక్కడి నుంచొచ్చాయో నేను అడగలేదు. ఇప్పుడామె విమానాశ్రయంలోనే, విమానాల మరమ్మతు షెడ్డులో పనిచేస్తోంది. ఎవరైనా పిల్లల గురించి అడిగితే మామ అమెరికా సంగతి అరగంట చెప్పి, "పెద్దది గీడ్నే ఉంటది" అని ముగిస్తాడు.

పోయిన ఆగస్టులో సొంత కొడుకు డిపార్చర్. ఇన్నేళ్ల అనుభవమంతా రంగంలోకి దిగింది. మూడు కార్లు, పద్నాలుగు మంది. పెట్టెకు 23 కిలోలు, రెండు పెట్టెలు, ఒక్క గ్రాము ఎక్కువ పోకూడదు. తూకం కోసం పాత ఇనప సామాన్లు కొనే అతని దగ్గర్నుంచి కాంటా అరువు తెచ్చాడు. ముంగిట్లో దూలానికి కట్టి, ఒక్కో పెట్టెనూ వేలాడదీశాడు. కందిపొడి తీసి, జీన్సు పెట్టి, జీన్సు తీసి, ఆవకాయ సీసా పెట్టి, చివరికి ముల్లు సరిగ్గా 23 మీద ఆగింది. "ఇగ సూడుర్రి" అని మామ మీసం దువ్వాడు.

పిల్లవాడు లోపలికెళ్లిన ఇరవై నిమిషాలకు ఫోను. "నాయినా, ఒక్కటి 25 దాటి సూపిస్తుంది."

"గెట్లైతది? కాంటా మీద ఇర్వై మూడే గద వచ్చింది!"

నాకు అప్పుడు వెలిగింది. అది అమ్మేవాడి కాంటా కాదు, కొనేవాడి కాంటా. కొనేవాడి కాంటా ఏనాడూ పూర్తి తూకం చూపించదు. మామకు చెబుదామనుకుని ఊరుకున్నాను.

అదనపు బరువుకు ఎంత కట్టాలో పిల్లవాడు చెప్పాడు. మామ గొంతు డిపార్చర్స్ అంతటా వినిపించింది. "రెండు కిలోలకు గన్ని పైసలా? లూటీ! పట్టపగలు లూటీ! నువ్వు కట్టకు. సీసా తీసెయ్." పిల్లవాడు గేటు దగ్గరకొచ్చి, తువాలులో చుట్టిన ఆవకాయ సీసాను సెక్యూరిటీ జవాను ముందు ఇవతలికి అందించాడు. పద్నాలుగు మందిలో ఎవరూ చెయ్యి చాచలేదు, అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, వీడియో తీస్తున్నారు. డ్యూటీ దిగి, యూనిఫాంతోనే వచ్చిన పెద్దమ్మాయి ముందుకెళ్లి అందుకుంది.

మొదటి విడతగా కాలేజీకి వెళ్లింది 20 లక్షలు. దాని మీద నెల వడ్డీ, ఆ తగ్గింపు లెక్కలోకి రాకముందు, 18 వేల పైన. ప్రతి నెలా ఐదో తారీఖున ఆమె ఫోను ఒకసారి టింగుమంటుంది. ఆమె చూసి, ఫోను బోర్లా పెడుతుంది. ఆ సమయానికి మామ డాబా మీదుంటాడు. "గదో, మా చేన్లకెళ్లే లేస్తుంది" అని టైలరుకు చూపిస్తుంటాడు.

సీసాను దేవుడి గూట్లో పెట్టి, వాడు సెలవులకు వస్తే పట్టుకుపోతాడని మామ ఎవర్నీ ముట్టనివ్వలేదు. అది సాగింది వారం. ఎనిమిదో రోజు పొద్దున షిఫ్టుకు ఆలస్యమవుతుంటే, ఇంట్లో కూర కాలేదు, పెద్దమ్మాయి మూత తీసేసింది. ఇప్పుడు సగమైంది. అమెరికా సంగతి ఎలా ఉన్నా, ఆ ఆవకాయ ఆమె టిఫిన్ డబ్బాలో ఓ మూలన కూర్చుని రోజూ ఎయిర్‌పోర్టుకైతే వెళ్తూనే ఉంది.