కార్టిసాల్ ఆత్మకథ

కార్టిసాల్ 21 కార్బన్, 30 హైడ్రోజన్, 5 ఆక్సిజన్ పరమాణువుల కూర్పు. ఈ ఆత్మకథ చెప్పుకుంటున్నది అదే. రక్తంలో దాని పరిమాణం గంటా గంటన్నరకల్లా సగానికి పడిపోతుంది. అంత కొద్ది ఆయుష్షు గల అణువు కాబట్టి 'నేను' అని నిలబడకుండా తన జాతి పేరుతోనే మాట్లాడుతుంది.

పుట్టిల్లు మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథుల పైపొర. పుట్టుక కొలెస్ట్రాల్ నుంచి. కొల్లేటి సీమలో గట్టు మీది మనిషిలోనూ, చెరువులోని శీలావతి, బొచ్చెల్లోనూ ఉండేది ఈ ఒక్క అణువే. చేపకు విడిగా అడ్రినల్ గ్రంథి ఉండదు. తలవైపు మూత్రపిండంలోని కణాలే ఆ పని చేస్తాయి. అదే సీమలోని ఆటపాకలో చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతుల్లో దీని తోబుట్టువు కార్టికోస్టెరాన్ ఉంటుంది. రెండింటికీ తేడా ఒక్క ఆక్సిజన్ పరమాణువు.

కార్టిసాల్ తనంతట తాను పుట్టదు. మెదడులోని హైపోథాలమస్ సంకేత హార్మోను సీఆర్‌హెచ్‌ను పంపుతుంది. అది పిట్యూటరీ గ్రంథి చేత మరో హార్మోను ఏసీటీహెచ్‌ను విడుదల చేయిస్తుంది. ఏసీటీహెచ్ రక్తంలో దిగివచ్చి అడ్రినల్ కణాన్ని తాకుతుంది. అప్పుడు కణం లోపల ఏటీపీ ఒక చిన్న వార్తాహర అణువుగా మారి తయారీ మొదలుపెట్టిస్తుంది. ఆ ఏటీపీని 1929లో సైరస్ ఫిస్కేతో కలిసి హార్వర్డ్‌లో గుర్తించిన యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. కొల్లేటికి ఇంత చేరువలో పుట్టిన మనిషి కార్టిసాల్ పుట్టుక వెనకాల ఉన్న అణువును లోకానికి చూపించారని దానికి గర్వం.

దానికి ఒక దినచర్య ఉంది. అర్ధరాత్రి ప్రాంతంలో రక్తంలో అతి తక్కువగా ఉండి, రాత్రి చివరి జాముల్లో పెరుగుతూ, మెలకువ వచ్చిన అరగంటకు శిఖరానికి చేరుతుంది. రక్తంలో చక్కెరను నిలబెట్టి, రక్తపోటును కాపాడి, ఒంటిని పనికి లేపేది అదే. అది కరువైతే మనిషి ఎలా నీరసించి చిక్కిపోతాడో థామస్ అడిసన్ 1855లోనే వర్ణించాడు. 'ఒత్తిడి హార్మోను' అన్న ఒక్క పేరుతో దాన్ని శత్రువుగా చూడటం అన్యాయం.

తెల్లవారుజామున చేపల చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. పగలంతా ఊపిరి ఇచ్చిన నాచు రాత్రంతా ఊపిరి తీసుకుంటుంది మరి. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. వాటి రక్తంలో కార్టిసాల్ పొంగుతుంది. చూసిన కాపలాదారు నీటికి గాలి అందించే మోటారు వేయడానికి పరుగెత్తుతాడు. అతని రక్తంలోనూ అదే పొంగు. మోటారు ఆడి, చేపలు అడుక్కి దిగి, ఎండ ఎక్కేసరికి రెండు చోట్లా తగ్గాలి. తగ్గితే ఆరోగ్యమే.

తగ్గడం గురించి చెప్పాలంటే కొల్లేటినే చూడాలి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో కాలువలు అందులోకి దిగుతాయి. సముద్రానికి దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అది పూడితే వాన వెలిశాక కూడా ఊళ్లలో నీళ్లు నిలుస్తాయి. మెదడులో కార్టిసాల్‌ను పట్టుకుని "ఇక చాలు" అని పైకి కబురు పంపే గ్రాహకాలదీ ఇలాంటి పనే. తీవ్రమైన డిప్రెషన్‌లో చాలామందికి ఆ గ్రాహకాలు మొద్దుబారతాయి; కారణం తీరిపోయినా హార్మోను దిగదు. బెర్నార్డ్ కారల్ బృందం 1981లో ప్రామాణికం చేసిన పరీక్షలో, రాత్రి కార్టిసాల్‌ను పోలిన డెక్సామెథాసోన్ మందు ఇస్తే మామూలు మనిషిలో మర్నాడు కార్టిసాల్ అణగుతుంది. తీవ్ర విషాదరోగుల్లో పలువురికి అణగలేదు. అయితే డిప్రెషన్ ఉన్న అందరిలోనూ ఇది కనబడదు. పెద్ద ఘాతం తర్వాతి మానసిక రుగ్మతలో కొందరికి కార్టిసాల్ తక్కువగానే ఉంటుంది. అందుకే ఒక్క రక్తపరీక్షతో దిగులును నిర్ధారించలేరు.

హార్వే కుషింగ్ 1932లో వివరించిన జబ్బులో కార్టిసాల్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటుంది. ఆ రోగుల్లో సగం మందికో, అంతకన్నా ఎక్కువ మందికో డిప్రెషన్ వస్తుంది. శీలావతి వర్గానికే చెందిన జీబ్రాచేప మీద 2013లో వెలువడిన పరిశోధన మరీ హత్తుకునేది. కార్టిసాల్ గ్రాహకం చెడిన చేపను కొత్త తొట్టిలో ఒంటరిగా వదిలితే కదలకుండా ఉండిపోయింది. నీళ్లలో డిప్రెషన్ మందు ఫ్లూయాక్సెటిన్ కలిపినా, తోటి చేపల సాంగత్యం దొరికినా మళ్లీ మామూలుగా ఈదింది.

ఆందోళనలో కథ మరో మలుపు తిరుగుతుంది. భయం పట్టిన క్షణాన గుండె దడ అడ్రినలిన్ పని. కార్టిసాల్ నిమిషాల తర్వాత వస్తుంది. హైపోథాలమస్‌లో సీఆర్‌హెచ్‌ను తగ్గించే ఈ అణువే భయకేంద్రమైన అమిగ్డలాలో దాన్ని పెంచుతుంది. ఏం జరుగుతోందో తెలియకపోవడం, తన చేతిలో ఏమీ లేకపోవడం కార్టిసాల్‌ను బాగా రెచ్చగొడతాయి. 2020 డిసెంబరులో ఏలూరు అలాంటి రోజులు చూసింది: కొద్ది రోజుల్లో 600 మందికి పైగా మూర్ఛ, కళ్లు తిరగడంతో ఆసుపత్రికి చేరారు, కారణం వెంటనే తెలియలేదు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయని తర్వాత ప్రకటించారు. అలాంటి వార్డు బయట కూర్చున్న తల్లికి రాత్రి నిద్ర పట్టకపోతే అది పిరికితనం కాదు, శరీరధర్మం.

కార్టిసాల్ పోలికతో తయారైన ప్రెడ్నిసొలోన్, డెక్సామెథాసోన్ ప్రాణాలు నిలిపే మందులు. కానీ కీళ్లనొప్పులకని అడ్డూ అదుపూ లేకుండా వాడితే కొందరికి నిద్ర చెడి, అతి హుషారు గానీ తీరని దిగులు గానీ పట్టుకుంటుంది. హఠాత్తుగా మానేస్తే అన్నాళ్లూ నిద్రపోయిన సొంత గ్రంథి వెంటనే లేవదు. ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

దిగులు గానీ ఆందోళన గానీ రెండు వారాలు దాటినా వదలకపోతే దాచుకోవద్దు. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ సేవ 2022 అక్టోబరు 10 నుంచి ఉచితంగా, రాత్రీ పగలూ నడుస్తోంది.