గ్లాసులో మనూరి చింతపండు

హిందూపురం మార్కెట్ యార్డులో చింతపండు ధర పలికేది క్వింటాళ్ల లెక్కన. అదే చింతపండు వంద కిలోమీటర్ల అవతల బెంగళూరు కాక్‌టెయిల్ బార్లలో చుక్కల లెక్కన పలుకుతుంది. పొడుగుకాళ్ల గ్లాసు, అంచుకు ఉప్పూ కారం, అడుగున బెల్లం పాకం, పైన ఒక పుదీనా ఆకు. మనింట్లో చారులో పడేవే అన్నీ. చారుకు బిల్లు రాదు, అంతే తేడా.

శనివారం సాయంత్రమైతే మనోళ్లు కార్లేసుకుని కొడికొండ చెక్‌పోస్టు దాటేస్తారు. ఆ బారు చీకటి హాల్లో గ్లాసు కలిపే పిల్లోడిది మడకశిర అని తేలితే ముచ్చటే ముచ్చట. "చింతపండు మనదేన్నా" అంటాడు గుట్టుగా. తర్వాత పెద్ద పళ్లెం మధ్యలో గోలీకాయంత రాగి సంగటి, దానిమీద చెనిక్కాయల ఊరిబిండి బొట్టు. ధర్మవరం పట్టుచీరల షావుకారు దాన్ని ఒక్క గుటకలో మింగి అడిగినాడంట: "రుచి బాగానే చూపించినావు గానీ అప్పా, సంగటి ఎప్పుడు తెస్తావు?" నలుగురి బిల్లు చూస్తే ఒక చీర నేసిన మగ్గం కూలి అందులో మునిగిపోయింది.

ఎల్ల దాటి తాగడం మాకు కొత్త కాదులెండి. 1995లో మద్యనిషేధం తెచ్చిన ముఖ్యమంత్రి ఎన్టీఆర్ మా హిందూపురం ఎమ్మెల్యేనే. రాష్ట్రమంతా గొంతెండితే మాకు గౌరిబిదనూరు పక్కూరే. 1997లో నిషేధం పోయింది, దారి మాత్రం కాళ్లకు గుర్తుండిపోయింది. 2019 తర్వాత సర్కారు షాపుల్లో ఊరూపేరూ లేని మందు బ్రాండ్లొస్తే కర్ణాటక టెట్రా ప్యాకెట్లే ఆదుకున్నాయి. 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు తిరిగొచ్చాయి, 99 రూపాయల క్వార్టరూ వచ్చింది. దానికి పుదీనా ఆకు పెట్టేవాళ్లెవరూ లేరు.

ఇక ఎల్ల దాటే పనే లేని రోజూ వస్తుందేమో, పెనుకొండ చూడండి. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడినాక విజయనగర రాజధానే ఇక్కడికి తరలొచ్చింది. 2019లో ఎర్రమంచి నుంచి కియా కార్లు బయల్దేరాయి. కొరియా అక్షరాల బోర్డులొచ్చాయి, కిమ్చీ వచ్చింది. బెంగళూరు మాదిరి చీకటి హాలూ రేపోమాపో వస్తుంది.

ఆ హాలు పెట్టబోయే పుణ్యాత్ములకు విన్నపం: సంగటి ముద్ద చెయ్యి నిండా పెట్టండి, చింతపండు యార్డులోనే కొనండి. ఒక లైటు కూడా ఎక్కువ వేయండి, బిల్లు చదువుకోవాల.