రామగిరి పరుగుపద్యాలు: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మేఘసందేశానికి వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ సీమవాడు. ఆయన ఊరు కొలిచెలమ, నేటి కొల్చారం. కావ్యంలోని రామగిరి అంటే చిత్రకూటమని ఆయన తేల్చాడు. తర్వాతి పండితుల్లో ఎక్కువమంది కాదు, నాగపూర్ దగ్గరి రామ్‌టెక్ అన్నారు. పెద్దపల్లి జిల్లా బేగంపేట వద్ద రామగిరి ఖిల్లా నీడన బతికేవాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పడం వ్యాఖ్యాతల జన్మహక్కు గనక చెబుతున్నాం: ఆ కావ్యంలోని పూర్వభాగం విరహం ముసుగు కప్పుకున్న ఓరియంటీరింగ్ కోర్సు. రామగిరి దగ్గర బయలుదేరాలి. విదిశ, ఉజ్జయిని, కురుక్షేత్రం, కనఖలం వరస తప్పకుండా తాకాలి. అలకలో ముగించాలి. చుట్టుదారైనా సరే ఉజ్జయినిని వదలొద్దని యక్షుడు మేఘాన్ని ప్రత్యేకంగా హెచ్చరించాడు. ఒక్క గుర్తు వదిలినా పోటీలోంచి తొలగింపే. ఆ నియమం నేటికీ అమల్లో ఉంది.

పటమూ దిక్సూచీ పట్టుకొని, అడవిలో నిలిపిన గుర్తులను చెప్పిన వరసలో తాకి, అందరికన్నా త్వరగా తిరిగిరావడం ఈ ఆట. గుర్తుకూ గుర్తుకూ నడుమ దారి ఎవరిష్టం వారిది. నార్వేలో 1897 అక్టోబర్ 31న ప్రజలకు తొలి పోటీ జరిగింది. స్వీడన్ సైనికాధికారి ఎర్న్‌స్ట్ కిల్లాండర్ 1919లో స్టాక్‌హోమ్ దగ్గర పెట్టిన పందెంతో ఆటకు ఊపొచ్చింది. 1961లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. 1966లో ఫిన్లాండ్‌లో తొలి ప్రపంచ పోటీలు ఒంటరి పరుగుతోనూ, రిలేతోనూ జరిగాయి. అందుచేతనే మన మూలంలోనూ పద్యాలు రెండు.

మొదటి పద్యం (ఒంటరి పరుగు)

పటము చేతబట్టి పరుగెత్తు వానికి
కాలుకన్న ముందు కన్ను నడుచు
ఉన్న చోటు తెలియకురికిన మొనగాడు
మంథనేగు గుట్ట మరచిపోయి

ప్రతిపదార్థం

పటము = బడి గోడకు వేలాడేది కాదు. సర్వే శాఖవారి 1:50,000 పటమూ కాదు. దూరపు పరుగుకు 1:15,000, మధ్యస్థానికి 1:10,000, వీధుల్లోని స్ప్రింటుకు 1:4,000 కొలతతో గీసినది. ఇందులో తెలుపంటే ఖాళీ జాగా అనుకోరాదు. సులువుగా పరుగెత్తగల అడవి అని అర్థం. పసుపు బయలు, ఆకుపచ్చ చొరరాని పొద, గోధుమరంగు గీతలు ఎత్తుపల్లాలు, నీలం నీరు, నలుపు రాళ్లూ కట్టడాలూ. వంకాయరంగు త్రిభుజం ఆరంభం, వృత్తం గుర్తు, జంటవృత్తం ముగింపు.

చేతబట్టి = మడిచి, తానున్న చోట బొటనవేలు ఆనించి. ఫోను చూసి దారి కనుక్కోవడమని కొందరు అర్థం చెబుతారు. అది నియమవిరుద్ధం.

పరుగెత్తు వానికి = రెండు మూడు నిమిషాల ఎడంతో ఒక్కొక్కరుగా వదిలిన వానికి. ఒకరి వెనక ఒకరు పడకుండా ఈ ఏర్పాటు.

కాలుకన్న ముందు కన్ను నడుచు = ఒక గుర్తు చేరకముందే తర్వాతి గుర్తుకు దారి ఆలోచించుకోవాలని భావం. చెరువుకట్టో, వాగో, కోటగోడో పట్టుకొని సాగాలి. తప్పిపోవడానికి వీల్లేని ఒక ఆనవాలు చేరాలి. అక్కడినుంచి వేగం తగ్గించి, అడుగులు లెక్కపెట్టుకుంటూ గుర్తు మీదికి పోవాలి.

ఉన్న చోటు తెలియక = తెలియదని ఒప్పుకోక. ఇదే పద్యానికి ప్రాణం.

మొనగాడు = నిందాస్తుతి.

మంథనేగు = మంథనికి పోవును. మంథని వేదపండితుల ఊరు. అక్కడికి పోవడం పుణ్యమే గాని, ఆ పుణ్యం పందెంలో లెక్కకు రాదు.

తాత్పర్యం: ఈ ఆటలో ఓడేది నెమ్మదిగా పోయినవాడు కాదు, తప్పుదారిన వేగంగా పోయినవాడు.

విశేషం: అలంకారం భ్రాంతిమంతం. పటంలో ఉన్నది ఒక లోయ. కాలు దిగింది పక్క లోయలోకి. రెంటికీ ఒకే వంపు, ఒకే బండ, ఒకే పొద. మనసు ఒకసారి 'ఇదే' అనుకున్నాక కనబడినదల్లా దానికి సాక్ష్యం చెబుతుంది. లేని వాగును కూడా ఎండిపోయిందని సర్దుకుంటుంది. తాడును పామనుకోవడం వేదాంతులకు పాఠం, పరుగువానికి పది నిమిషాల నష్టం. దీనికి విరుగుడు ఒక్కటే. ఆగి, చివరిసారి నిశ్చయంగా తెలిసిన చోటికి వెనక్కి రావడం. రొప్పుతున్నవాడికి అది చేతనవడమే కష్టం.

ఆక్షేపం: "మేం బొగ్గుబాయిల దిగెటోళ్లం. మూడో డిప్పు, పదో లెవెల్ అంటె కండ్లు మూసుకొని పోతం. గీ కాగితం మాకెందుకే?"

సమాధానం: బాయిలో దారులు మనిషి తవ్వినవి. స్తంభాలు వదిలి గడులు గడులుగా కోసినవి. అక్కడ డిప్పు (వాలుదారి), లెవెల్ (అడ్డదారి) చెబితే చోటు చెప్పినట్టే. గుట్ట మీద అడ్డంగా, నిలువుగా గీసి పెట్టినవారు లేరు. అదీగాక బాయికి సైతం సర్వేయరూ, ప్లానూ లేకుండా చట్టం ఒప్పుకోదు. కళ్లు మూసుకొని పోతున్నవాని వెనక కళ్లు తెరిచి కొలిచినవాడు ఒకడున్నాడు. కొలవడం తేలికా కాదు. 1819లో జార్జ్ ఎవరెస్ట్ కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో సర్వేకు దిగి, జ్వరంతో పడిపోయి, కోలుకోవడానికి దక్షిణాఫ్రికా దాకా పోవలసివచ్చింది. కాబట్టి పటాన్ని నిందించరాదు.

రెండో పద్యం (రిలే)

ముందువాని వెంట మూగి పరువులెత్త
వేరు జెండ దొరకు వెర్రివాడ
చేయి తాకి పంపు చెలికాడు చెప్పెను
బాట నీది తప్పు బరువు మాది

ప్రతిపదార్థం

మూగి = రిలేలో మొదటి అంచెవారంతా ఒక్కసారే బయలుదేరతారు గనక మందగా.

వేరు జెండ = నారింజ, తెలుపు రంగుల మూడు ముఖాల గుడ్డ గుర్తు, ఒక్కో ముఖం 30 సెంటీమీటర్లు. మన వృత్తంలోనిది కాక, దగ్గర్లోనే నిలిపిన మరొకటని అర్థం. నిర్వాహకులు కోర్సును పాయలుగా చీలుస్తారు. ఒక జట్టు మొదటి అంచెలో తాకినది మరో జట్టు రెండో అంచెలో తాకుతుంది. అన్ని అంచెలూ కలిపితే అందరూ పరుగెత్తేది ఒకటే. కాబట్టి ముందువాడు ఎంత నమ్మకంగా పోతున్నా, అతడు పోయేది తన గుర్తుకు. గుర్తు మీద 31 నుంచి మొదలయ్యే అంకె ఉంటుంది. దాన్ని సరిచూసుకొని, వేలికి తొడిగిన చిప్పును పెట్టెలో ముంచాలి. ఇది మస్టరు వంటిది. పని ఎంత చేసినా మస్టరు పడకపోతే నాగాయే.

చేయి తాకి = ఇందులో కర్ర అందించడం లేదు, చేతి స్పర్శ చాలు. ప్రపంచ పోటీల రిలేలో అంచెలు మూడు. 2014 నుంచి ఆడామగా కలిసిన స్ప్రింట్ రిలేలో నాలుగు, మొదటిదీ చివరిదీ ఆడవారివి. 1949లో మొదలైన ఫిన్లాండ్ యూకొలా పోటీలో ఏడు, అదీ రాత్రిపూట. అలెక్సిస్ కివీ నవలలోని ఏడుగురు అన్నదమ్ముల ఇంటిపేరే దానికి పెట్టారు. స్వీడన్‌లోని తియోమీలాలో పది.

తప్పు బరువు = ఒకడు ఒక గుర్తు వదిలితే జట్టంతా పోతుంది.

పాఠాంతరం: 'బాట మాది తప్పు బరువు నీది' అని ఒక ప్రతిలో ఉంది. అది ఓడిన జట్టువారి ఇంట దొరికింది గనక ప్రమాణం కాదు.

తాత్పర్యం: ఒంటరి పరుగులో మన భ్రమ ఒక్కటే శత్రువు. రిలేలో నలుగురి ధీమా కూడా శత్రువే. మొదటిదాన్ని ఆగి జయించాలి, రెండోదాన్ని ఆగకుండా జయించాలి.

విధినిషేధాలు: రామగిరి మీద ఈ పందెం పెట్టదలచినవారికి కొన్ని మాటలు. కోటగోడలు, దర్వాజాలు, బండలు, పొదలు అన్నీ ఉన్నందున గుర్తులకు లోటు లేదు. కానీ ఈ గుట్ట ఔషధ మొక్కలకు పేరుపడింది, ఆయుర్వేద విద్యార్థులు వెతుక్కుంటూ వస్తారు. ఆ పొదలను వంకాయరంగు గీతలతో నిషిద్ధమని పటంలో గుర్తించాలి. శ్రావణంలో జనం గుట్టెక్కుతారు, అప్పుడు వద్దు. సెంటినరీ కాలనీ వైపు ఓపెన్‌కాస్టు గనుల దరిదాపులకు కోర్సు పోనీయరాదు. అక్కడ బొగ్గు పైనుంచి తవ్వి పోసిన ఓబీ మట్టిదిబ్బలు పెరుగుతూనే ఉంటాయి, నిరుడు గీసిన పటంలో బయలున్నచోట నేడు గుట్ట ఉండవచ్చు. పందేనికి ముందు పటం గీసేవాడు కాలినడకన మళ్లీ తిరిగిచూడక తప్పదు.

ఫలశ్రుతి: ఈ టీకను పందేనికి ముందునాడు చదివినవారికి నిదానం కలుగుతుంది. పందెం మర్నాడు చదివినవారికి ఓదార్పు కలుగుతుంది. పందెం నడుమ, బండ మీద కూర్చొని చదివినవారిని వెనక బయలుదేరినవారు ముగ్గురు దాటిపోతారు.